లాపా (విమానయాన సంస్థ)

లాపా దక్షిణ అమెరికా ఖండంలోని అర్జెంటీనా దేశానికి చెందిన ఒక ప్రైవేటు విమానయాన సంస్థ. "లీనియాస్ ఏరియాస్ ప్రివాదాస్ అర్హెంతీనాస్" అనే స్పానిష్ పేరులోని తొలి అక్షరాల కలయికయే లాపా. ఆ పేరుకు అర్జెంటీనా ప్రైవేటు విమాన మార్గాలు అని అర్థం. 1976లో స్థాపించబడిన ఈ సంస్థ 2003లో మూతపడినది. చిన్న పట్టణాల మధ్య తిరిగే ప్రాంతీయ సంస్థగా మొదలై, 1990 దశకంలో తక్కువ టిక్కెట్టు ధరలతో దేశవ్యాప్తంగా విస్తరించినది. 1999 ఆగస్టు 31న ఈ సంస్థ విమానం ఒకటి బ్యూనస్ ఎయిర్స్ నగరం నడుమ ప్రమాదానికి లోనై 65 మంది మరణించారు. ఆ ప్రమాదం, దాని వెనువెంటనే వచ్చిన ఆర్థిక సంక్షోభం కలిసి సంస్థ పతనానికి దారితీసినవి. ప్రైవేటు సంస్థలకు ఆకాశాన్ని తెరిచిన ప్రభుత్వం వాటిని పర్యవేక్షించే వ్యవస్థను మార్చకపోతే ఏమి జరుగుతుందో తెలుసుకొనుటకు లాపా చరిత్ర ఒక ముఖ్యమైన ఉదాహరణ.

నేపథ్యం

అర్జెంటీనా వైశాల్యంలో ప్రపంచంలోని ఎనిమిదవ పెద్ద దేశం. ఉత్తరాన ఉష్ణ ప్రాంతాల నుండి దక్షిణాన అంటార్కిటికాకు సమీపంలో ఉన్న ఉషుఆయియా పట్టణం వరకు ఈ దేశం విస్తరించి ఉన్నది. రాజధాని బ్యూనస్ ఎయిర్స్ నుండి ఉషుఆయియాకు రోడ్డు మార్గం 3000 కిలోమీటర్లకు పైబడి ఉంటుంది. ఇటువంటి దేశంలో విమానం విలాసం కాదు, అవసరం. అయినప్పటికీ చాలాకాలం వరకు విమాన ప్రయాణం సంపన్నులకు, ప్రభుత్వ అధికారులకు మాత్రమే అందుబాటులో ఉండేది. సామాన్యులు రైళ్ళలో, దూరప్రాంత బస్సులలో ప్రయాణించేవారు.

దేశీయ మార్గాలలో ప్రభుత్వ సంస్థ అయిన ఏరోలీనియాస్ అర్హెంతీనాస్, దానితో పాటు ఆస్ట్రల్ అనే సంస్థ ప్రధానంగా విమానాలు నడిపేవి. ఇవి కాక వాయుసేన స్వయంగా లాదె అనే పేరుతో మారుమూల ప్రాంతాలకు విమానాలు నడిపేది. ఇక్కడ ఒక విశేషాన్ని గమనించవలసి ఉన్నది. అర్జెంటీనాలో పౌర విమానయానాన్ని పర్యవేక్షించే అధికారం కూడా దశాబ్దాల పాటు వాయుసేన చేతిలోనే ఉండేది. పైలట్లకు అనుమతి పత్రాలు ఇచ్చుట, సంస్థలను తనిఖీ చేయుట, ఆకాశంలో విమానాల రాకపోకలను నియంత్రించుట, ప్రమాదం జరిగితే దర్యాప్తు చేయుట అన్నీ వాయుసేన పరిధిలోని పనులే. నియమాలు పెట్టేవారు, వాటి అమలును చూసేవారు, తప్పు జరిగితే విచారించేవారు ఒకే గొడుగు కింద ఉన్నారన్నమాట. లాపా కథలో ఈ విషయం మరల మరల ఎదురవుతుంది.

స్థాపన, తొలి దశ

లాపా 1976లో స్థాపించబడినది. అదే సంవత్సరం మార్చి నెలలో అర్జెంటీనాలో సైనిక ప్రభుత్వం అధికారంలోకి వచ్చినది. పెద్ద మార్గాలు పెద్ద సంస్థల చేతిలో ఉన్నందున లాపా మొదట్లో చిన్న విమానాలతో, చిన్న మార్గాలతో సరిపెట్టుకొనవలసి వచ్చినది. 1984లో వ్యాపారవేత్త గుస్తావో డాయిచ్ ఈ సంస్థను చేజిక్కించుకున్నాడు.

ఈ దశలో సంస్థకు పేరు తెచ్చిన మార్గం బ్యూనస్ ఎయిర్స్ నుండి ఉరుగ్వే దేశంలోని కొలోనియా పట్టణానికి నడిచిన మార్గం. ఈ రెండింటి నడుమ రియో దె లా ప్లాతా అనే విశాలమైన నదీముఖం ఉన్నది. నదిని దాటించే పడవలతో పోటీపడుతూ లాపా ఈ మార్గంలో ప్రయాణికులను ఆకర్షించినది. కొలోనియాలో దిగినవారు అక్కడి నుండి బస్సులో ఉరుగ్వే రాజధాని మాంటెవీడియోకు చేరుకునేవారు. తరువాతి కాలంలో సుమారు 35 మంది కూర్చునే సాబ్ 340 రకం విమానాలు సంస్థలో చేరినవి. ఒక ప్రాంతీయ సంస్థకు ఇవి తగిన విమానాలు.

ఎదుగుదల

1989లో కార్లోస్ మెనెం అధ్యక్షుడైన తరువాత ప్రభుత్వ రంగ సంస్థల అమ్మకం పెద్ద ఎత్తున మొదలైనది. 1990లో ఏరోలీనియాస్ అర్హెంతీనాస్‌ను స్పెయిన్‌కు చెందిన ఐబీరియా సంస్థ నాయకత్వంలోని సమూహానికి అప్పగించారు. ఆస్ట్రల్ కూడా అదే వర్గంలో చేరినది. 1991 మార్చిలో ఒక పెసో ఒక అమెరికన్ డాలరుకు సమానమయ్యే విధంగా చట్టం చేశారు. ఈ చట్టం వలన ధరల పెరుగుదల ఆగినది. విదేశాల నుండి విమానాలను అద్దెకు తెచ్చుకొనుట సులభమైనది. డాలర్లలో అద్దె కట్టి, పెసోలలో టిక్కెట్లు అమ్మినా అప్పటికి నష్టం లేదు.

1993లో మరొక మార్పు జరిగినది. దూరప్రాంత ప్రయాణికుల రైళ్ళను కేంద్ర ప్రభుత్వం చాలావరకు నిలిపివేసినది. రాష్ట్రాలు బాధ్యత తీసుకున్న కొన్ని చోట్ల మాత్రమే రైళ్ళు మిగిలినవి. దూరప్రయాణం చేయవలసినవారికి రాత్రంతా సాగే బస్సు, లేదా ఖరీదైన విమానం తప్ప వేరే దారి లేకపోయినది. ఈ ఖాళీలోకి లాపా ప్రవేశించినది.

లాపా 1993 ప్రాంతంలో బోయింగ్ 737-200 రకం జెట్ విమానాలను తెచ్చుకుని కార్డోబా, మెండోసా వంటి పెద్ద నగరాలకు నడపసాగినది. టిక్కెట్ల ధరలు పోటీ సంస్థల ధరల కంటే తక్కువగా ఉండేవి. జీవితంలో మొదటిసారి విమానం ఎక్కినవారు ఎందరో లాపా విమానమే ఎక్కారు. విద్యార్థులు, చిన్న వ్యాపారులు, దూరాన ఉన్న కుటుంబాలను చూడబోయేవారు విమానాశ్రయాలలో కనబడసాగారు. కొద్ది సంవత్సరాలలోనే లాపా ఏరోలీనియాస్ - ఆస్ట్రల్ వర్గానికి ప్రధాన ప్రత్యర్థిగా నిలిచినది. దశకం చివరికి కొత్త బోయింగ్ 737-700 విమానాలు, దూర ప్రయాణాలకు పనికివచ్చే బోయింగ్ 767 కూడా సంస్థలో చేరినవి. ఒకనాడు నదిని దాటించిన చిన్న సంస్థ ఖండాంతర ప్రయాణాల గురించి ఆలోచించే స్థాయికి చేరినది.

తక్కువ ధరల లెక్క

తక్కువ ధరకు టిక్కెట్టు అమ్మి లాభం గడించుట ఎట్లు అనే ప్రశ్నకు సమాధానం కష్టమైనది కాదు. ప్రతి ప్రయాణంలో సీట్లు నిండాలి. ఒకే విమానం రోజుకు ఎక్కువ సార్లు ఎగరాలి. నేలపై నిలిచి ఉన్న విమానానికీ అద్దె కట్టవలసినదే కనుక అది ఎంత తక్కువ సేపు నిలిస్తే అంత మేలు. ఈ పద్ధతిలో తప్పు లేదు. ప్రపంచంలో ఎన్నో సంస్థలు ఈ విధంగానే క్షేమంగా నడుస్తున్నవి.

అయితే విమానయాన సంస్థ ఖర్చులలో రెండు రకాలు ఉన్నవి. ఇంధనం, అద్దె, జీతాలు వంటివి తగ్గిస్తే వెంటనే తెలిసిపోతుంది. పైలట్ల శిక్షణ, మరమ్మతులు, లోపాలను నమోదు చేసి సరిదిద్దుట వంటి వాటిలో తగ్గిస్తే చాలాకాలం వరకు ఏమీ తెలియదు. విమానాలు ఎప్పటివలెనే ఎగురుతుంటవి. తెలిసేనాటికి ఆలస్యమై ఉంటుంది. కనుకనే ఈ రెండవ రకం ఖర్చులపై నిఘా ఉంచుటకు సంస్థ బయట ఒక బలమైన పర్యవేక్షణ వ్యవస్థ అవసరం.

లోపలి నుండి వచ్చిన హెచ్చరిక

లాపాలో 1980 దశకం చివరి నుండి పనిచేసిన పైలట్ ఎన్రికే పిన్యెయిరో సంస్థలో భద్రతా నియమాల ఉల్లంఘన జరుగుతున్నదని పలుమార్లు అభ్యంతరం తెలిపినాడు. ఈయన వైద్యశాస్త్రం కూడా చదివినవాడు. తన మాటలకు ఫలితం లేకపోవుటతో, ప్రమాదం జరుగవచ్చునని లిఖితపూర్వకంగా హెచ్చరించి, 1999 జూన్‌లో రాజీనామా చేసినాడు. ప్రమాదం జరిగినది ఆ తరువాత సుమారు రెండున్నర నెలలకు.

1999 ఆగస్టు 31 ప్రమాదం

బ్యూనస్ ఎయిర్స్‌లోని హోర్హె న్యూబెరీ విమానాశ్రయం నగరం లోపలనే, నది ఒడ్డున ఉన్నది. దాని పక్కనే కోస్తనేరా అనే రద్దీ రహదారి ఉన్నది. ఆనాటి రాత్రి సుమారు 8 గంటల 54 నిమిషాలకు లాపా 3142 సంఖ్య గల విమానం కార్డోబాకు బయలుదేరినది. ఇది 1970లో తయారైన బోయింగ్ 737-200 తరగతి విమానం. ఇందులో 95 మంది ప్రయాణికులు, 5గురు సిబ్బంది ఉన్నారు.

విమానం నేల విడుచుటకు ముందు రెక్కల వెనుక అంచున ఉండే ఫ్లాపులను కొంతవరకు దించవలసి ఉంటుంది. ఫ్లాపులు దించితే తక్కువ వేగంలోనే రెక్కలకు తగినంత ఎత్తుడు శక్తి లభిస్తుంది. అవి దించకుండా ఇంజన్ల శక్తిని పెంచితే కాక్‌పిట్‌లో హెచ్చరిక శబ్దం మోగుతుంది. ఆ రాత్రి పైలట్లు ఫ్లాపులు దించుట మరచిపోయారు. హెచ్చరిక శబ్దం మోగినది. ఆ శబ్దం ఎందుకు వస్తున్నదో గ్రహించక, పరుగును ఆపక ముందుకు సాగారు.

విమానం గాలిలోకి లేవలేకపోయినది. రన్‌వే దాటి, విమానాశ్రయపు కంచెను ఛేదించుకుని, రహదారిపై వెళ్ళుచున్న ఒక కారును ఢీకొని, అవతల ఉన్న రోడ్డు పనుల యంత్రాలను, మట్టి గట్టును తాకి మంటలలో చిక్కుకున్నది. విమానంలోని 63 మంది, నేలపై ఉన్న ఇద్దరు మరణించారు. 37 మంది ప్రాణాలతో బయటపడ్డారు. పైలట్లు ఇద్దరూ మృతులలో ఉన్నారు.

దర్యాప్తు, రెండు అభిప్రాయాలు

పౌర విమాన ప్రమాదాల దర్యాప్తు మండలి ఈ ప్రమాదాన్ని విచారించినది. ఆనాడు ఈ మండలి కూడా వాయుసేన పరిధిలోనిదే. పైలట్లు ఫ్లాపులను మరచుట, హెచ్చరికను పట్టించుకొనకపోవుట ప్రమాదానికి కారణమని మండలి నిర్ధారించినది. కాక్‌పిట్‌లో క్రమశిక్షణ లోపించినదని, విమానం నడుపుటకు సంబంధం లేని వ్యక్తిగత సంభాషణ వలన చెక్‌లిస్టు చదువుటలో ధ్యాస తప్పినదని శబ్ద రికార్డుల వలన తెలిసినది. కెప్టెన్‌కు సంబంధించిన పాత శిక్షణ రికార్డులలో కూడా లోపాలు నమోదై ఉన్నవి.

ఈ చివరి విషయం దగ్గరనే రెండు అభిప్రాయాలు ఏర్పడినవి. మొదటి అభిప్రాయం ప్రకారం ఇది పైలట్ల తప్పు. రెండవ అభిప్రాయం ప్రకారం పైలట్ల తప్పు గొలుసులోని చివరి లంకె మాత్రమే. శిక్షణ లోపాలు రికార్డులలో కనబడుతున్న వ్యక్తిని కెప్టెన్ స్థానానికి ఎవరు ఎంపిక చేశారు, ఆ ఎంపికను ఎవరు ఆమోదించారు, తనిఖీ చేయవలసినవారు ఏమి చేశారు అనే ప్రశ్నలను మృతుల కుటుంబాలు లేవనెత్తినవి. మరణించిన ఇద్దరిపై నింద మోపితే కథ ముగుస్తుంది కాని సమస్య ముగియదని వారి వాదన.

ఆర్థిక సంక్షోభం, మూత

ప్రమాదం తరువాత లాపాపై ప్రజల నమ్మకం సడలినది. అయితే సంస్థ వెంటనే మూతపడలేదు. మరొక మూడున్నర సంవత్సరాలు నడిచినది. దానిని పూర్తిగా కూల్చినది దేశ ఆర్థిక పరిస్థితి.

1998 నుండే అర్జెంటీనాలో మాంద్యం మొదలైనది. ప్రయాణికుల సంఖ్య తగ్గినది. పోటీ వలన ధరలు పెంచుట సాధ్యం కాలేదు. 2001లో లాపా అప్పులవారి నుండి రక్షణ కోరవలసిన స్థితికి చేరినది. అదే సంవత్సరం డాయిచ్ సంస్థను ఎడ్వర్డో యూర్నెకియన్‌కు అమ్మివేసినాడు. యూర్నెకియన్ వర్గం అప్పటికే దేశంలోని ప్రధాన విమానాశ్రయాల నిర్వహణ హక్కును పొంది ఉన్నది. 2001 సెప్టెంబరులో అమెరికాపై జరిగిన దాడుల తరువాత ప్రపంచమంతటా విమానయాన రంగం దెబ్బతిన్నది. డిసెంబరులో అర్జెంటీనా ప్రభుత్వం బ్యాంకులలోని ప్రజల డబ్బు తీసుకొనుటపై ఆంక్షలు విధించినది. ప్రజలు వీధులలోకి వచ్చారు. అధ్యక్షుడు ఫెర్నాండో దె లా రూవా రాజీనామా చేసినాడు. 2002 జనవరిలో పెసోకు, డాలరుకు ఉన్న సమానత్వం రద్దయినది. ఆ సంవత్సరం మధ్యనాటికి ఒక డాలరుకు మూడున్నర పెసోలకు పైగా ఇవ్వవలసి వచ్చినది.

దీని అర్థం ఏమిటో లాపా లెక్కలలో చూడవచ్చును. విమానాల అద్దె డాలర్లలో, విడిభాగాల ధర డాలర్లలో, బీమా డాలర్లలో కట్టవలసి ఉన్నది. ఆదాయం మాత్రం పెసోలలో వస్తుంది. పెసోలలో చూస్తే ఖర్చు మూడు రెట్లకు పైగా పెరిగినది. జీతాలు, పొదుపులు కరిగిపోయిన ప్రజలు అంతకు అంత ధర పెట్టి టిక్కెట్లు కొనలేరు. ఒకనాడు లాపా ఎదుగుదలకు ఊతమైన పెసో - డాలరు సమానత్వమే తొలగిపోయి దాని పతనానికి కారణమైనది. 2003లో లాపా విమానాలు నిలిచిపోయినవి.

విమానాలు లేని వారస సంస్థ

లాపా మూతతో ఉద్యోగులు వీధిన పడ్డారు. సాల్తా నగరానికి చెందిన దినార్ అనే మరొక ప్రైవేటు సంస్థ అంతకు ముందే మూతపడినది. ఈ రెండు సంస్థల ఉద్యోగులను ఆదుకొనుటకు 2003 మే నెలలో ప్రభుత్వం లాఫ్సా అనే పేరుతో ఒక ప్రభుత్వ విమానయాన సంస్థను ఏర్పాటు చేసినది. లాఫ్సాకు ఉద్యోగులు ఉన్నారు కాని సొంత విమానాలు లేవు. అది కార్డోబాలో మొదలైన సదరన్ విండ్స్ అనే ప్రైవేటు సంస్థతో ఒప్పందం చేసుకున్నది. ప్రభుత్వం ఉద్యోగుల జీతాలకు, ఇంధనానికి సహాయం అందించినది.

2004 సెప్టెంబరులో సదరన్ విండ్స్ విమానంలో స్పెయిన్ రాజధాని మాడ్రిడ్ చేరిన సూట్‌కేసులలో సుమారు 60 కిలోల కొకైన్ పట్టుబడినది. 2005 ఫిబ్రవరిలో ఈ విషయం బయటపడి పెద్ద కుంభకోణంగా మారినది. ప్రభుత్వం ఒప్పందాన్ని రద్దు చేసుకున్నది. సదరన్ విండ్స్ కూడా మూతపడినది. లాఫ్సా సిబ్బందిలో అనేకులు 2005లో చిలీ దేశపు లాన్ సంస్థ అర్జెంటీనాలో ప్రారంభించిన శాఖలో చేరారు. ఏరోలీనియాస్ అర్హెంతీనాస్‌ను 2008లో ప్రభుత్వం తిరిగి స్వాధీనం చేసుకున్నది. 1990లో మొదలైన చక్రం ఈ విధంగా ఒక చుట్టు తిరిగినది.

న్యాయస్థానంలో

ప్రమాదంపై విచారణ న్యాయస్థానంలో 2008లో మొదలైనది. సంస్థ ఉన్నతాధికారులతో పాటు వాయుసేనకు చెందిన మాజీ అధికారులు కూడా నిందితులుగా నిలిచారు. 2010లో తీర్పు వెలువడినది. సంస్థ కార్యకలాపాల నిర్వాహకుడికి, బోయింగ్ 737 విభాగపు అధిపతికి మూడు సంవత్సరాల శిక్ష విధించారు. అయితే జైలుకు వెళ్ళనవసరం లేకుండా ఆ శిక్షను నిలిపి ఉంచారు. డాయిచ్‌తో సహా మిగిలినవారు నిర్దోషులుగా విడుదలయ్యారు. 2014 ఫిబ్రవరిలో పై న్యాయస్థానం, కాలపరిమితి దాటిపోయినదనే కారణంతో ఆ రెండు శిక్షలను కూడా రద్దు చేసినది. అంటే 65 మంది మరణించిన ప్రమాదానికి చట్టం దృష్టిలో శిక్ష అనుభవించినవారు ఎవరూ లేరు. అదే సంవత్సరం సెప్టెంబరులో డాయిచ్ తన సొంత చిన్న విమానం బ్యూనస్ ఎయిర్స్ శివారులో కూలి మరణించినాడు.

సంస్కరణలు

పైలట్ ఉద్యోగం మానిన పిన్యెయిరో చలనచిత్ర రంగంలోకి వెళ్ళినాడు. లాపాలో తన అనుభవాల ఆధారంగా 2004లో "విస్కీ రోమియో జులు" అనే చిత్రాన్ని నిర్మించి, తన పాత్రను తానే ధరించినాడు. ప్రమాదానికి గురైన విమానపు రిజిస్ట్రేషన్‌లోని చివరి మూడు అక్షరాలను పైలట్లు పలికే పద్ధతియే ఆ పేరు. వాయుసేన పర్యవేక్షణలోని లోపాలను, విమానాల నియంత్రణ కేంద్రంలోని దుస్థితిని చూపుతూ 2006లో మరొక డాక్యుమెంటరీ చిత్రం విడుదల చేసినాడు. ఈ చిత్రం దేశంలో తీవ్రమైన చర్చకు దారితీసినది.

నెస్టర్ కిర్చ్‌నర్ ప్రభుత్వం పౌర విమానయాన పర్యవేక్షణను వాయుసేన నుండి తొలగించుటకు నిర్ణయించి, 2007లో జాతీయ పౌర విమానయాన సంస్థను ఏర్పాటు చేసినది. ప్రమాద దర్యాప్తు కూడా పౌరుల చేతికి వచ్చినది. 2019లో రైలు, రోడ్డు, జల రవాణా ప్రమాదాలను కూడా కలిపి రవాణా భద్రతా మండలి అనే ప్రత్యేక సంస్థను చట్టం ద్వారా నెలకొల్పారు.

పతనానికి కారణాల విశ్లేషణ

లాపా పతనానికి ఒకే కారణం చెప్పుట సరికాదు. ప్రమాదమే కారణమనుకుంటే, సంస్థ ఆ తరువాత కూడా కొన్ని సంవత్సరాలు నడిచినది. ఆర్థిక సంక్షోభమే కారణమనుకుంటే, అదే సంక్షోభాన్ని ఎదుర్కొన్న ఏరోలీనియాస్ నిలిచినది. అయితే ఏరోలీనియాస్‌ను నిలిపినది మొదట స్పెయిన్, తరువాత అర్జెంటీనా ప్రజాధనం. లాపాకు అటువంటి అండ లేదు. నమ్మకం కోల్పోయిన సంస్థ సంక్షోభ సమయంలో తట్టుకొనలేకపోయినది.

తక్కువ ధరలు ఈ విషాదానికి మూలమనే అభిప్రాయం కూడా అర్ధసత్యమే. సామాన్యునికి విమానయానాన్ని అందించుట లాపా సాధించిన మేలు. దానిని తక్కువ చేసి చూడరాదు. లోపం ఎక్కడంటే, 1990 దశకంలో మార్కెట్టు మారినంత వేగంగా పర్యవేక్షణ మారలేదు. కొద్ది సంస్థలు, కొద్ది విమానాలు ఉన్న కాలానికి ఏర్పడిన వ్యవస్థ, వేగంగా పెరిగే ప్రైవేటు సంస్థలను తనిఖీ చేయలేకపోయినది. తనిఖీ చేయవలసిన వ్యవస్థయే దర్యాప్తు కూడా చేసినందున తన లోపాలను తాను వెతికే అవకాశం తక్కువ. వేరు చేయవలసిన ఈ బాధ్యతలను వేరు చేయుటకు ప్రమాదం తరువాత ఎనిమిది సంవత్సరాలు పట్టినది.

ఈ పాఠం గతానికి మాత్రమే చెందినది కాదు. 2018లో ఫ్లైబోండి, 2019లో జెట్‌స్మార్ట్ వంటి తక్కువ ధరల సంస్థలు అర్జెంటీనాలో విమానాలు నడుపుట ప్రారంభించినవి. 2023 డిసెంబరులో హావియెర్ మిలే ప్రభుత్వం అత్యవసర ఉత్తర్వు ద్వారా విమానయాన చట్టాన్ని సవరించి ఈ రంగంలో నియంత్రణలను మరింత సడలించినది. పోటీ పెరిగితే ప్రయాణికునికి మేలు కలుగుతుంది. కాని ఎన్ని సంస్థలకు అనుమతి ఇచ్చినామన్న లెక్కతో పాటు, వాటిని తనిఖీ చేయుటకు ఎందరు నిపుణులు, ఎంత స్వేచ్ఛతో ఉన్నారన్న లెక్క కూడా చూడవలసి ఉంటుంది. హెచ్చరిక శబ్దం వినబడినప్పుడు ఆగి, కారణం తెలుసుకొనుట పైలట్ల బాధ్యత. 1999 జూన్‌లో ఒక పైలట్ లిఖితపూర్వకంగా వినిపించిన హెచ్చరిక కూడా అటువంటిదే. దానిని విని ఆగవలసిన బాధ్యత సంస్థది, ప్రభుత్వానిది.